టెక్ సందేహాలు: లండన్ నాటకానికి గుంటూరు నుంచి టికెట్

ఈ వారం వచ్చిన సందేహాల్లో సగం పైగా సెలవుల ప్రయాణాలవే. విమానం టికెట్లు, హోటల్ బుకింగులు మనవాళ్లకు కొట్టిన పిండి. నాటకం టికెట్ దగ్గరికొచ్చేసరికే చిక్కుల్లో పడుతున్నారు. అందుకే లండన్ థియేటర్ల ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎంఎస్సీ చేస్తున్నాడు. జులైలో వాడి గ్రాడ్యుయేషన్‌కు వెళ్తున్నాం. వాడికి చెప్పకుండా నలుగురికీ లండన్‌లో ‘లయన్ కింగ్’ మ్యూజికల్ టికెట్లు కొనాలని ఉంది. గూగుల్‌లో వెతికితే ఒకే రోజు, ఒకే షోకి ఒక్కో సైట్‌లో ఒక్కో ధర. ఒకదానిలో అయితే రెట్టింపు. ఏది అసలైనది? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నాటకం పేరుతో వెతక్కండి, థియేటర్ పేరుతో వెతకండి. లండన్‌లో ‘లయన్ కింగ్’ 1999 నుంచి లైసియం థియేటర్‌లోనే ఆడుతోంది. నాటకం పేరు కొట్టగానే పైన కనిపించే లింకుల మీద ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. డబ్బు కట్టి పైకెక్కినవన్న మాట. వాటిలో మంచి ఏజెంట్లూ ఉంటారు, ఎవరో కొన్న టికెట్‌ను రెట్టింపుకు తిరిగి అమ్మేవాళ్లూ ఉంటారు. చూడ్డానికి మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి. అడ్రస్ బార్‌లో తాళం బొమ్మ ఉంది కదా అని ధైర్యపడకండి. మీరు పంపే వివరాలను దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొరో దొంగో అది చెప్పదు.

థియేటర్ సొంత సైట్‌లో మీరు అడిగిన రోజు సీట్లు లేకపోతే అప్పుడు ఏజెంట్ దగ్గరికి వెళ్లండి. బ్రిటన్‌లో టికెట్ ఏజెంట్లు తమకు తాము నియమాలు పెట్టుకుని నడుపుకొనే ‘స్టార్’ అనే సంఘం ఉంది. ఏజెంట్ సైట్‌లో ఆ లోగో కనిపిస్తే సరిపోదు. దాన్ని కాపీ చేసి అతికించుకోవడం రెండు నిమిషాల పని. స్టార్ సైట్ తెరిచి, సభ్యుల జాబితాలో ఆ ఏజెంట్ పేరు ఉందో లేదో చూసుకోండి. రుసుముల సంగతి కూడా గమనించండి. తప్పనిసరిగా కట్టాల్సినవాటిని మొదట్లోనే చూపించాలని 2025 ఏప్రిల్ నుంచి అక్కడి చట్టం గట్టిగా చెబుతోంది. చివరి పేజీలో హఠాత్తుగా బిల్లు పెంచే సైట్ అయితే అక్కడితో ఆపేయండి.

ఇక సీట్లు. స్టాల్స్ అంటే కింది అంతస్తు, రాయల్ సర్కిల్ దాని పైది, గ్రాండ్ సర్కిల్ అన్నిటికన్నా పైది. ఈ నాటకంలో మొదటి పాటకే ఏనుగు, పక్షులు ప్రేక్షకుల మధ్య నుంచి నడిచొచ్చి స్టేజీ ఎక్కుతాయి. అది దగ్గర్నుంచి చూడాలంటే స్టాల్స్‌లో నడవ పక్క సీట్లు వెతకండి. సీటు మ్యాప్‌లో చుక్క మీద నొక్కితే ధర పక్కన ‘రిస్ట్రిక్టెడ్ వ్యూ’ అని కనిపించిందా? స్తంభమో పిట్టగోడో కళ్లకు అడ్డం వస్తుంది. పాత థియేటర్లలో ఇది మామూలే, అందుకే ఆ సీటు చవక. ‘సీట్‌ప్లాన్’ అనే సైట్‌లో అదే సీట్లో కూర్చున్నవాళ్లు తీసిన ఫొటోలుంటాయి. డబ్బు కట్టేముందు అది ఒకసారి చూడండి. వీసా చేతికొచ్చాకే కొనండి. ఈ టికెట్లకు డబ్బు వాపసు రావడం కష్టం.

ప్రశ్న: సీట్లు ఎంచుకున్నాక కార్డు రెండుసార్లు డిక్లైన్ అయింది. ఖాతాలో డబ్బుంది. యూపీఐ ఆప్షనే లేదు. మళ్లీ చూస్తే మేం ఎంచుకున్న సీట్లు అమ్ముడైనట్టు చూపిస్తోంది! – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సీట్లు ఎక్కడికీ పోలేదు, బహుశా సైట్‌లో మీ బుట్టలోనే (కార్ట్) ఉండి ఉంటాయి. ఎంచుకున్న సీట్లను సైట్ కొన్ని నిమిషాలు మీకోసం పట్టి ఉంచుతుంది. ఆ గడువు తీరాక మళ్లీ ఖాళీగా కనిపిస్తాయి. ఈలోగా డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చిందేమో చూసుకోండి. అది చూడకుండా మూడోసారి ప్రయత్నించొద్దు.

కార్డు సంగతికొస్తే, రిజర్వ్ బ్యాంక్ నిబంధన వల్ల 2020 మార్చి నుంచి కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలను ఆఫ్ చేసే ఇస్తున్నారు. బ్యాంక్ యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. చాలామంది ‘ఇంటర్నేషనల్’ అన్న స్విచ్ వేసి ఊరుకుంటారు. దాని కిందే ‘ఆన్‌లైన్’ స్విచ్, రోజువారీ పరిమితి ఉంటాయి. ఆ పరిమితి పది వేలే ఉంటే నాలుగు టికెట్ల బిల్లు ఎలా దాటుతుంది? మామూలు రూపే కార్డు పక్కన పెట్టండి, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ వాడండి. ఫారంలో ముందు దేశం ఇండియా అని ఎంచుకోండి, ఆ తర్వాతే పిన్‌కోడ్ కొట్టండి. బ్రిటన్ అనే వదిలేస్తే మన ఆరంకెల పిన్‌ను చాలా ఫారాలు ఒప్పుకోవు.

చెల్లింపు పేజీలో పౌండ్లలో కడతారా, రూపాయల్లో కడతారా అని అడిగితే పౌండ్లే ఎంచుకోండి. రూపాయల లెక్క కళ్లకు హాయిగా ఉంటుంది గానీ, ఆ మారకం రేటు అవతలివాళ్లు వేసుకున్నది. పౌండ్లలో కట్టినా మన బ్యాంకు మార్కప్, అంటే విదేశీ లావాదేవీ మీద వేసే అదనపు రుసుము, ఎలాగూ ఉంటుంది. 80 పౌండ్ల టికెట్లు నాలుగు కొంటే 320 పౌండ్లు. మార్కప్ 3.5 శాతమైతే 11.20 పౌండ్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 2 పౌండ్లు. మార్కప్ తక్కువున్న కార్డు ఇంట్లో ఎవరి దగ్గరున్నా అడిగి తీసుకోండి. పని అయిపోగానే ఇంటర్నేషనల్ స్విచ్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ అడగకుండానే డబ్బు లాగేస్తాయి.

ప్రశ్న: టికెట్ యాప్‌లోనే చూపించాలంటున్నారు. ఆ యాప్ మా ప్లేస్టోర్‌లో కనిపించడం లేదు. అక్కడికెళ్లాక మా సిమ్ పనిచేయకపోతే ఎలా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొన్ని యాప్‌లను ఆయా దేశాల స్టోర్‌లోనే పెడతారు. దానికోసం స్టోర్ దేశం మార్చే తతంగం వద్దు, స్టోర్ బయట దొరికే ఏపీకే (యాప్) ఫైళ్ల జోలికి అసలే వద్దు. అదే అకౌంట్‌తో బ్రౌజర్‌లో లాగిన్ అయితే చాలాచోట్ల టికెట్ తెరుచుకుంటుంది. పీడీఎఫ్ ఇస్తే ప్రింటు తీసి పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి. స్క్రీన్‌షాట్ మీద మాత్రం భరోసా పెట్టుకోవద్దు. క్యూఆర్ కోడ్ క్షణక్షణం మారేలా పెట్టినచోట అది గేటు దగ్గర చెల్లదు. బ్రౌజర్, పీడీఎఫ్ రెండూ కుదరకపోతే బయల్దేరే ముందే థియేటర్‌కు మెయిల్ రాయండి. బాక్సాఫీస్‌లో బుకింగ్ నంబర్, గుర్తింపు కార్డు చూపిస్తే టికెట్ ఇస్తారేమో అడగండి.

సిమ్ తీసి దాచకండి. అంతర్జాతీయ రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించి, డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంచండి. ఓటీపీలు దానికి వస్తాయి. ఇంటర్నెట్‌కు అక్కడి ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) వేసుకోండి.

ప్రశ్న: అక్కడికెళ్లాక అదే రోజు కొంటే చవకట కదా? – ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఫలానా నాటకమే చూడాలని పట్టు లేకపోతే చవకే. లెస్టర్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ బూత్‌లో ఆ రోజు షోలకు తగ్గింపు ధరల టికెట్లు దొరుకుతాయి. గుంటూరు పాఠకురాలికి కూడా ఒక మాట: ఈ లెస్టర్ స్క్వేర్ లండన్ నడిబొడ్డున ఉంది, మీ అబ్బాయి చదివే ఊళ్లో కాదు. నేషనల్ థియేటర్‌వాళ్లు ‘ఫ్రైడే రష్’ పేరుతో శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు 10 పౌండ్ల టికెట్లు ఆన్‌లైన్‌లో వదులుతారు. వేసవిలో అది మన సాయంత్రం అయిదున్నర. అక్టోబర్ చివరి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి, ఆ తర్వాత మనకు ఆరున్నర అవుతుంది. అలారం పెట్టుకునేటప్పుడు ఇది చూసుకోండి.

నిలబడగలిగే ఓపిక ఉంటే షేక్‌స్పియర్స్ గ్లోబ్ థియేటర్‌కు వెళ్లండి. స్టేజీ ముందు ఆరుబయట నిలబడి చూసే టికెట్లు అన్నిటికన్నా చవక. వాన పడినా నాటకం ఆపరు, గొడుగు తెరవనివ్వరు. రెయిన్‌కోటు తీసుకెళ్లండి.