పాత ఆటలకు వైర్‌లెస్ కంట్రోలర్: మేనల్లుడికి లేఖ

చిరంజీవి కార్తీక్‌కు అత్త ఆశీస్సులు.

చిన్నప్పటి వీడియో గేమ్‌లు మళ్ళీ ఆడుకోవడానికి వైరు లేని కంట్రోలర్, అంటే చేత్తో పట్టుకుని ఆట నడిపే పరికరం, కావాలనీ, చూడ్డానికి పాతకాలపు దానిలా ఉండాలనీ, మీ పాప చేతిలో పడినా పదికాలాలు మన్నాలనీ అడిగావు. పెట్టె మీద రాసిన గొప్పలు చదివితే దీనికి జవాబు దొరకదు. కంట్రోలర్లు ఎక్కడ పాడవుతాయో తెలుసుకుంటే ఏది మన్నుతుందో దానంతట అదే తేలుతుంది. పాలిటెక్నిక్ ల్యాబులో ఉన్నన్నాళ్ళూ, ఆ తరువాత ఇంటి దగ్గరా నేను విప్పి చూసినవాటిలో పైడొల్ల పగిలి మూలనపడ్డవి తక్కువ. బ్యాటరీ ఉబ్బినవి, రబ్బరు చిరిగినవి, చార్జింగ్ సాకెట్ ఊడినవి ఎక్కువ. ఇవన్నీ మార్చుకోదగ్గ భాగాలే. అందుకే నా మాట ముందే చెబుతున్నాను: విప్పి బాగుచేసుకోవడానికి వీలున్నదే కొను.

అన్నిటికంటే ముందు ఎడమ బొటనవేలి కింద ఉండే ప్లస్ గుర్తు ఆకారపు బటన్ చూడు. దాన్నే డీ-ప్యాడ్ అంటారు. నింటెండో సంస్థలో గున్‌పెయ్ యోకోయ్ 1982లో డాంకీ కాంగ్ చేతి ఆట కోసం దీనికి రూపమిచ్చాడు. మరుసటి ఏడాది అదే సంస్థ జపాన్‌లో విడుదల చేసిన, టీవీకి తగిలించే ఫామికామ్ ఆట పెట్టెతో అది ఇళ్ళల్లోకి వచ్చింది. 90లలో మీ నాన్న నీకు కొనిపెట్టిన వీడియో గేమ్ పెట్టె ఆ ఫామికామ్‌కు నకలే. ఆనాటి ఆటల్లో చాలావరకు ఈ బటన్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇది సరిగా లేకపోతే మిగతా హంగులెన్ని ఉన్నా ఆట చేతికి రాదు.

దాని లోపల ఉండేది టీవీ రిమోట్‌లో ఉండే ఏర్పాటే. సర్క్యూట్ బోర్డు మీద దువ్వెన పళ్ళలా ఒకదాని సందుల్లోకి ఒకటి చొచ్చుకువచ్చిన గీతలుంటాయి. వాటి మీద రబ్బరు పొర, ఆ పొరలో నాలుగు దిక్కులా నాలుగు గుబ్బలు, ఒక్కో గుబ్బ అడుగున నల్లటి కార్బన్ బిళ్ళ. నువ్వు నొక్కగానే గుబ్బ కుంగి బిళ్ళ గీతలకు తగులుతుంది, కరెంటు పారుతుంది, వేలు తీయగానే రబ్బరు తనంతట తాను పైకి లేస్తుంది. ఈ గుబ్బ చుట్టూ పలచగా ఉండే అంచు ముందుగా చిరుగుతుంది. కార్బన్ బిళ్ళ మీద చెమట, దుమ్ము, పిల్లలు ఒలకబోసిన కూల్‌డ్రింక్ పేరుకుంటే బటన్ మొండికేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన దూదితో బోర్డు మీది గీతలను తుడిచి, రబ్బరును మంచినీళ్ళతో కడిగి ఆరబెడితే చాలావరకు తిరిగి పనిచేస్తుంది. రబ్బరే చిరిగితే కొత్తది వేయాలి. అందుకే బాగా అమ్ముడుపోయే మోడల్ కొనమంటాను. దానికైతే విడి రబ్బర్లు దొరుకుతాయి. ఊరూపేరూ లేనిదానికి ఎవరూ తయారుచేయరు.

డీ-ప్యాడ్ మంచిదో కాదో తేల్చడానికి నువ్వు చిన్నప్పుడు ఆడిన కాంట్రానే చాలు. కుడివైపు బటన్ నొక్కిపట్టి పరుగెడుతూ కాలుస్తూ ఉండు. బొటనవేలిని మామూలుగా కాస్త అటూ ఇటూ కదిలించు. పైకి నొక్కకుండానే తూటా ఏటవాలుగా పైకి పోతోందంటే ఆ డీ-ప్యాడ్ పనికిరాదు. దీనికి పూర్తిగా ఎదురు లోపం కూడా ఉంది. స్ట్రీట్ ఫైటర్ అనే కొట్లాట ఆటలో కింద, కింద-కుడి, కుడి అని వేలిని వరసగా జార్చి పంచ్ కొడితే నిప్పుబంతి రావాలి. మూల దిక్కు తగలకపోతే అది రాదు. మొదటి పరీక్షలో నెగ్గాలని కొందరు తయారీదారులు బటన్‌ను మరీ బిగువుగా చేస్తారు, అప్పుడు రెండోదానిలో ఓడిపోతుంది. రెండూ నెగ్గినదే మంచి డీ-ప్యాడ్. నడిమధ్యన గట్టి ఆనిక ఉండి, ఒక వైపు నొక్కితే ఎదుటి వైపు కచ్చితంగా పైకి లేవాలి. మధ్యలో నొక్కినప్పుడు నాలుగు వైపులా కలిసి కుంగిపోతే దాన్ని తీసుకోకు.

ఇక అనలాగ్ స్టిక్స్, అంటే బొటనవేలితో ఎటైనా వంచగలిగే చిన్న పుల్లల సంగతి. ఫామికామ్, సూపర్ నింటెండో, మెగా డ్రైవ్ లాంటి పాత ఆట పెట్టెల ఆటలకు వాటితో పనిలేదు. నువ్వు ఆడబోయేవి ఇవే అయితే స్టిక్స్ లేని కంట్రోలర్ తీసుకో. పాప దాన్ని నేల మీద పడేసినప్పుడు ముందుగా దెబ్బ తగిలేది పైకి పొడుచుకొచ్చిన స్టిక్స్‌కే. పైగా మామూలు స్టిక్ లోపల చిన్న లోహపు నాలుక కార్బన్ పట్టీ మీద నిరంతరం రాసుకుంటూ ఉంటుంది. పట్టీ అరిగేకొద్దీ వేలు పెట్టకుండానే తెర మీద బొమ్మ పక్కకు జరుగుతుంది. డ్రిఫ్ట్ అంటారు దీన్ని. నింటెండో 64, ప్లేస్టేషన్ కాలపు ఆటలు కూడా ఆడాలనుకుంటే మాత్రం స్టిక్స్ కావాలి. అప్పుడు హాల్ ఎఫెక్ట్ అని రాసి ఉన్నది చూసుకో. అందులో అయస్కాంతం కదలికను సెన్సర్ దూరం నుంచే పసిగడుతుంది, అక్కడ రాపిడి ఉండదు కాబట్టి ఈ అరుగుదలా ఉండదు.

బ్యాటరీ గురించి కాస్త నిలిచి చెప్పాలి, వైర్‌లెస్ వస్తువు ఆయుష్షు దానిమీదే ఆధారపడుతుంది. నింటెండో 2002లో గేమ్‌క్యూబ్ అనే తన ఆట పెట్టె కోసం వేవ్‌బర్డ్ అనే వైర్‌లెస్ కంట్రోలర్ తెచ్చింది. అందులో వేసేది గోడ గడియారాల్లో వాడే డబుల్ ఏ సెల్స్ రెండు. వైబ్రేషన్ మోటారు పెట్టలేదు కాబట్టి ఆ రెండు సెల్స్ చాలా రోజులు వచ్చేవి. ఇన్నేళ్ళు గడిచినా కొత్త సెల్స్ వేస్తే ఆ కంట్రోలర్లు పనిచేయగలవు. అదే కాలానికి లోపల బిగించిన లిథియం బ్యాటరీ ఎప్పుడో సత్తువ కోల్పోయి ఉండేది. లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ఏటేటా కొంత బలం పోగొట్టుకుంటుంది. అందుకని బ్యాటరీ మూత తెరిచి మార్చుకునేలా ఉంటే మేలు. అలా లేకపోతే, కనీసం మరలు విప్పి బ్యాటరీ ప్లగ్ ఊడదీసి కొత్తది పెట్టేలా ఉండాలి. బోర్డుకు సోల్డరింగ్ చేసి, డొల్లను జిగురుతో అతికించినదైతే రూపాయి తక్కువైనా వద్దు.

వాడకుండా పక్కన పెట్టేటప్పుడు సగం చార్జింగ్‌తో పెట్టు. పూర్తిగా అయిపోయిన బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే మళ్ళీ చార్జింగ్ ఎక్కకపోవచ్చు. మే నెల ఎండలో కారులోనో కిటికీ గట్టు మీదో ఉంచకు. డొల్ల ఉబ్బినట్టు, అతుకు విడినట్టు కనిపిస్తే వెంటనే వాడకం ఆపేయి, పొడవడం, వంచడం లాంటివి చేయకు. ఇంకొక చిక్కుంది: రెండు వైపులా టైప్-సీ ఉన్న తీగతో కొన్ని కంట్రోలర్లు చార్జ్ కావు. సాకెట్ దగ్గర ఉండాల్సిన చిన్న రెసిస్టర్లను తయారీదారు పెట్టకుండా ఖర్చు మిగుల్చుకోవడమే కారణం. వస్తువు పాడైందని కంగారుపడకుండా ఒక వైపు పాత యూఎస్‌బీ ఉన్న తీగతో ప్రయత్నించు.

వైర్‌లెస్ అంటే ఆలస్యం అవుతుందని నీ స్నేహితులు భయపెట్టారని రాశావు. ఆ పాత ఆటల్లో చాలావరకు సెకనుకు దాదాపు 60 బొమ్మలు గీస్తాయి, అంటే ఒక్కో బొమ్మకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మంచి 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ (యూఎస్‌బీ సాకెట్‌లో గుచ్చి కంట్రోలర్ సిగ్నల్ అందుకునే చిన్న ముక్క) తీసుకునే సమయం దీనికంటే తక్కువే. బ్లూటూత్‌తో కాస్త ఎక్కువ పడుతుంది, అవతలి పరికరాన్ని బట్టి మారుతుంది కూడా. అయితే చాలా ఇళ్ళల్లో అసలు ఆలస్యం టీవీది. ముందు టీవీలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ పెట్టు. డాంగిల్‌ను యూఎస్‌బీ 3 సాకెట్ పక్కన గుచ్చితే సిగ్నల్ చెదురుతుంది, ఎందుకంటే ఆ సాకెట్ నుంచి వెలువడే రొద కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. మూరెడు పొడిగింపు తీగ పెట్టి డాంగిల్‌ను ముందుకు తెస్తే సరిపోతుంది. డాంగిల్ ఒక్కటే దారి అయిన కంట్రోలర్ మాత్రం కొనకు. ఆ చిన్న ముక్క సోఫా సందులో పోయిందంటే చేతిలోది బొమ్మగా మిగులుతుంది. డాంగిల్ ఉన్నా లేకపోయినా బ్లూటూత్ ఉండాలి, తీగ తగిలించి ఆడుకునే వీలూ ఉండాలి. కొన్నింటిలో తీగ చార్జింగ్‌కే పనికొస్తుంది, అది అడిగి తెలుసుకో.

రబ్బరు పూత పూసి మెత్తగా చేసిన పైడొల్ల చేతికి హాయిగా అనిపిస్తుంది. మా కాకినాడలాంటి ఉక్క ఊళ్ళల్లో కొన్నేళ్ళకే అది జిగటగా మారి వేళ్ళకు అంటుకుంటుంది. మామూలు ప్లాస్టిక్‌దే తీసుకో. బటన్ల మీది అక్షరాలు పైన అచ్చువేసినవి కాకుండా ప్లాస్టిక్‌లోనే పోతపోసినవైతే చెరిగిపోవు.

పేర్లు చెప్పమన్నావు. షెన్‌జెన్‌కు చెందిన 8బిట్‌డో సంస్థ ఈ రకం వాటిలో పేరున్నది. మెగా డ్రైవ్‌కు 1993లో వచ్చిన ఆరు బటన్ల కంట్రోలర్ వరసను అనుసరించి వాళ్ళు చేసిన ఎం30లో స్టిక్స్ లేవు. స్ట్రీట్ ఫైటర్‌కు ఆరు బటన్లూ ఎదురుగానే ఉంటాయి. సూపర్ నింటెండో పోలికతో స్టిక్స్ కూడా ఉన్నది కావాలంటే ప్రో 2 చూడు. దాని 1000 ఎంఏహెచ్ బ్యాటరీని వెనక మూత తెరిచి తీయవచ్చు, అదే చోట రెండు డబుల్ ఏ సెల్స్ వేసుకోవచ్చు. ఈ ఒక్క ఏర్పాటు కోసమే నేను దాన్ని ముందు పెడతాను. పేరు అదే అయినా పాత రకం స్టిక్స్‌వీ, హాల్ ఎఫెక్ట్‌వీ రెండూ దొరుకుతాయి కాబట్టి పెట్టె మీద చదివి తీసుకో. పాప వేళ్ళు చిన్నవి కనుక కలిసి ఆడేందుకు ఎం30 ఒకటి, నీకు ప్రో 2 ఒకటి తెచ్చుకుంటే బాగుంటుంది. ఒక్కటే కొనదలిస్తే ప్రో 2.

ఒక్క సంగతి గుర్తుంచుకో. నింటెండో పద్ధతిలో ‘A’ అక్షరం ఉన్న బటన్ కుడివైపు ఉంటుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ పద్ధతిలో కింద ఉంటుంది. కంప్యూటర్‌కు కలిపినప్పుడు దూకబోయి తుపాకి పేలిస్తే కంట్రోలర్ చెడిపోయిందనుకోకు. ప్రో 2 అయితే వెనక ఉండే మోడ్ స్విచ్ మార్చు, లేదా ఆట సెట్టింగుల్లో బటన్లు మార్చుకో.

బిల్లుతో, మన దేశంలో వారంటీ ఇచ్చే అమ్మకందారు దగ్గరే కొను. బ్యాటరీ మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు గుర్తు ఉందో లేదో చూడు. వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే పైన చెప్పిన రెండు పరీక్షలూ చేయి, చార్జింగ్ తీగను సాకెట్‌లో మెల్లగా కదిలించి వదులుగా ఉందేమో గమనించు, గడువులోగా ఒకసారైనా బ్యాటరీ పూర్తిగా అయ్యేవరకు ఆడించు. అంతా సవ్యంగా ఉంటే కంట్రోలర్ వెనక భాగం దగ్గరగా ఫోటో తీసి పంపు. మరలు ఏ రకమో చూసి సరిపడే స్క్రూడ్రైవర్ వచ్చే నెల మీ నాన్న వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మేనత్త