మలావీ పల్లెకు వెళుతున్న అమ్మాయికి, అల్లుడికి

చి॥సౌ॥ అమ్మాయికి, చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మీరిద్దరూ స్వచ్ఛంద సేవకులుగా ఆఫ్రికాలో ఉన్న మలావీ దేశంలోని దెడ్జా జిల్లాలో ఒక పల్లెకు వెళుతున్నారని, అమ్మాయి అక్కడి సెకండరీ పాఠశాలలో లెక్కలు చెబుతుందని, అల్లుడు ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాడని తెలిసి ఎంతో సంతోషించాను. వృత్తికి సంబంధించిన సంగతులు మీకు శిక్షణలోనే చెబుతారు. ఆ ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా ఉండి వచ్చినవాణ్ణి కనుక, పని ముగించుకుని ఇంటికి వచ్చాక ఊళ్లో ఎలా మసలుకోవాలో నేను రాస్తున్నాను. ఆ ఊరివారు మిమ్మల్ని ముందు ఇరుగుపొరుగుగా చూసుకుంటారు, మీ పనిని నమ్మడం ఆ తరువాతే.

చేరిన వెంటనే ఊరిపెద్దను కలవండి. భూమి తగాదా నుంచి పిల్లల చదువు దాకా ఆ పెద్దల మాట నడుస్తుంది. ఆ జిల్లాకే చెందిన థెరిసా కచిందామోతో అనే మహిళా అధిపతి వందలకొద్దీ బాల్యవివాహాలను రద్దు చేయించి, ఆ ఆడపిల్లలను తిరిగి బడికి పంపించగలిగారంటే ఆ మాటకున్న బలం మీకు అర్థమవుతుంది. అక్కడి చేవా తెగ కుటుంబాలలో వంశమూ భూమీ తల్లి వైపు నుంచి వస్తాయి, పెద్ద నిర్ణయాలలో మేనమామదే ముఖ్యమైన మాట. అందువల్ల తరగతిలో ఒక పిల్ల చదువు మానేస్తుంటే, తండ్రితో మాట్లాడి ఊరుకోకుండా మేనమామను కూడా కలుసుకో, అమ్మాయీ.

దారిలో ఎదురైన ప్రతివారినీ ‘ములి బ్వాంజీ’ అని పలకరించి, వారు జవాబు చెప్పేదాకా నిలబడండి. ఎవరింటికి వెళ్లినా వాకిలి దగ్గరే ఆగి ‘ఓడీ, ఓడీ’ అని పిలిచి, లోపలివారు రమ్మన్నాకే అడుగు పెట్టాలి. అమ్మాయి ప్యాంటు వేసుకున్నా, ఊళ్లోకి వెళ్లేటప్పుడు పైన చితెంజే గుడ్డ చుట్టుకోవడం మర్యాద. జూన్, జూలై నెలల్లో దెడ్జా కొండల మీద చలి గట్టిగా ఉంటుంది కనుక స్వెట్టర్లు తప్పక పెట్టుకోండి.

భోజనం మీకు కష్టం కాదు. మొక్కజొన్న పిండితో వండే ‘న్సిమా’ మన సంకటి లాంటిదే, కుడిచేత్తోనే తింటారు. దానికి తోడు గుమ్మడి ఆకును వేరుశనగ పొడితో వండి పెడతారు, ఎండు చేపలూ ఉంటాయి. తినే ముందు ఇంటివారిలో ఒకరు చెంబుతో మీ చేతుల మీద నీళ్లు పోస్తారు. ఆ సమయంలో లేచి వెళ్లి వేరే చోట కడుక్కోకండి. మాంసం తినకపోతే ఆ సంగతి మొదటి పరిచయంలోనే చెప్పండి, ఎందుకంటే అతిథి వస్తే కోడిని కోయడం అక్కడి గౌరవం, కోసిన తరువాత వద్దంటే ఆ ఇంటివారు చిన్నబుచ్చుకుంటారు. ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో కోతకొచ్చిన మొక్కజొన్న చాలా ఇళ్లలో డిసెంబరుకల్లా అయిపోతుంది, కొత్త పంట వచ్చేదాకా ఒంటిపూట తిండితో గడిపేవారుంటారు. జనవరిలో మీ ముందు పెట్టిన న్సిమా ముద్ద ఆ ఇంటి పిల్లల వాటాలోంచి వచ్చి ఉండవచ్చు. కొంచెమే అయినా ఇష్టంగా తినండి, తరువాత మీరు వెళ్లేటప్పుడు ఉప్పో, పంచదారో, సబ్బో పట్టుకెళ్లండి.

ఊళ్లో ఎవరైనా పోతే ఆ రోజు ఎవరూ పొలానికి వెళ్లరు, మీరూ వెళ్లి కూర్చోవాలి. ఆడవారు లోపల శవం చుట్టూ, మగవారు బయట కూర్చుంటారు. వచ్చినవారు పిండి, కట్టెలు, కొంత డబ్బు తెస్తారు. భాష రాకపోయినా పరవాలేదు, మౌనంగా కూర్చుంటే చాలు. మీరు రాని సంగతిని మాత్రం ఊరు చాలాకాలం గుర్తుపెట్టుకుంటుంది. అటువంటి సందర్భాలలో ముసుగులు ధరించి ‘గులే వమ్‌కులు’ నృత్యం ఆడేవారు వస్తారు. యునెస్కో 2008లో తన జాబితాలో చేర్చిన ఆ నృత్యం చేవా వారికి కేవలం వినోదం కాదు, పితృదేవతలతో ముడిపడిన క్రతువు. వారు దారిలో ఎదురైతే పక్కకు తొలగండి, పెద్దల అనుమతి లేకుండా ఫోటో తీయకండి, వారు సిద్ధమయ్యే శ్మశానపు తోపు వైపు వెళ్లకండి.

ఇక డబ్బు సంగతి. ఆ దేశపు పట్టణాలలో భారతీయులు ఎక్కువగా దుకాణాలు నడిపేవారే కనుక మిమ్మల్నీ షావుకార్లనే అనుకుంటారు, అప్పు అడుగుతారు, పిల్లల చదువు ఖర్చులు అడుగుతారు. చేతికి డబ్బిస్తూ పోతే మీ వాకిలి ముందు వరుస కడతారు, మీరు ఎవరికి ఇవ్వలేదో వారితో మనస్పర్థలు వస్తాయి. చదువుకు సాయం చేయాలనిపిస్తే బడి పెద్దలకు తెలిసేలా బడికే ఇవ్వండి. చేతిపంపు బాగు చేయించాలంటే నీటి కమిటీలోని ఆడవారిని ముందుగా అడగండి, విడిభాగానికి ఊరివారు కూడా తలా కొంత వేసుకునేలా చూడండి, లేకపోతే మీరు వెళ్లిపోయిన తరువాత పంపు చెడినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు. తెల్లవారుజామున బిందెల వరుసలో అమ్మాయి కూడా నిలబడి తన నీళ్లు తానే కొట్టుకుంటే, ఏ సమావేశంలోనూ తెలియని సంగతులు అక్కడ తెలుస్తాయి.

తిరిగి వచ్చే ముందు మీ వంటసామాను, మంచాలు ఇష్టమైనవారికి చాటుగా ఇవ్వకుండా, ఊరిపెద్ద సమక్షంలో పంచండి. మలేరియా రాకుండా వేసుకునే మాత్రలకు మాత్రం ఎక్కడా విరామం ఇవ్వకండి. డాక్సీసైక్లిన్ వాడితే అక్కడినుంచి వచ్చేశాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఇంటికి వచ్చాక కొన్ని నెలలకు జ్వరం తగిలినా ఆఫ్రికా నుంచి వచ్చామని డాక్టరుకు ముందుగా చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.

మీ పెదనాన్న