‘ఉచిత’ సేవ, ‘ప్రకటన రహిత’ సేవ

సందేహం: మన వివరాలు సేకరించే యాప్‌ను ‘ఉచితం’ అనవచ్చునా? చందా కట్టి వాడే ‘ప్రకటన రహిత’ సేవలో మన వివరాలు గోప్యంగా ఉంటాయని అర్థం చేసుకోవచ్చునా?

సమాధానం: సంస్కృతంలో ‘ఉచితం’ అంటే తగినది, ‘ఉచితానుచితాలు’, ‘సముచితం’ అన్న మాటల్లో ఆ అర్థమే నేటికీ నిలిచి ఉంది. వెల తీసుకోకుండా ఇచ్చేది అన్న అర్థం కూడా తెలుగులో స్థిరపడింది కనుక, సొమ్ము అడగని యాప్‌ను ఉచితమనడం తప్పు కాదు. ‘ఊరికే ఇస్తున్నారు’ అనడం మాత్రం తప్పే, ఎందుకంటే ఆ మాటలో బదులుగా ఏమీ కోరడం లేదన్న భావం ఉంది. మనం ఏమి వెదికామో, ఏమి చూశామో నమోదు చేసుకొని, దాని ఆధారంగా మనకు చూపే ప్రకటనల మీద ఆదాయం పొందే సేవను ‘డబ్బు కట్టనక్కరలేని సేవ’ అని రాయడమే నిజాయతీ అని నా అభిప్రాయం.

రెండవ ప్రశ్న మరింత ముఖ్యమైనది. ‘రహితం’ అన్న పదం తనకు ముందున్న దాని లేమిని మాత్రమే చెబుతుంది. ‘ప్రకటన రహితం’ అన్నప్పుడు ప్రకటనలు లేవనే తప్ప సమాచార సేకరణ లేదని అర్థం రాదు. యూట్యూబ్ ప్రీమియంకు చందా కట్టినవారికి వీడియోల మధ్య ప్రకటనలు ఆగుతాయి గాని, చూసిన వీడియోల చరిత్ర నమోదు కావడం దానంతట అది ఆగదు. దానిని సెట్టింగులలో విడిగా నిలిపివేసుకోవాలి. యూరప్‌లో 2023 నవంబరులో మెటా సంస్థ ఈ రెంటినీ ముడిపెట్టింది: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు చందా కట్టినవారి వివరాలను ప్రకటనలకు వాడబోమని, కట్టనివారు ఆ వాడకానికి ఒప్పుకోవాలని చెప్పింది. వ్యక్తిగత వివరాలను తక్కువగా వాడే సమానమైన సేవను ఎంచుకొనే వీలు లేకుండా ఆ రెండు దారులే చూపడం చట్టవిరుద్ధమని యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో 20 కోట్ల యూరోల జరిమానా విధించింది.

ఇక్కడే ‘సమ్మతి’ ముందు వచ్చే విశేషణాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆరవ సెక్షనులో సమ్మతికి చెప్పిన మొదటి లక్షణం ఇంగ్లీషులో ‘ఫ్రీ’. దానిని ‘ఉచిత సమ్మతి’ అని రాస్తే అర్థమే మారిపోతుంది. ‘స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి’ అనాలి. ఫోనులోనే వైద్యసలహా అందించే యాప్ మన పరిచయస్థుల నంబర్లు కూడా అడిగి, మనం సరేనన్నప్పటికీ, వైద్యసలహాకు ఆ నంబర్లతో అవసరం లేదు కనుక సమ్మతి అంతవరకు వర్తించదని ఆ చట్టంలోని ఉదాహరణే చెబుతోంది. సమ్మతి కోరే అభ్యర్థనను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులోనూ, చదువుకొనే వీలు కల్పించాలని ఆ సెక్షనే ఆదేశిస్తున్నది కనుక, అటువంటి అభ్యర్థనలను తెలుగులో రాసేవారు ఈ భేదాన్ని తప్పక పాటించాలి.