ర్యాంచ్ కలిపే ముందు మజ్జిగ సంగతి విను

అమ్మలూ,

శనివారం ఆఫీసు పాట్‌లక్‌కి, అదే తలో వంటకం తెచ్చుకునే విందుకి, ర్యాంచ్ డిప్ (కూరముక్కలు ముంచుకు తినే చిక్కటి తెల్లటి సాస్) ఇంట్లోనే చేసి పట్టుకెళ్తానన్నావు. మంచిదే. డాలస్‌లో ఇరవై ఏళ్లుగా కలుపుతున్నాను కదా, నేను బోల్తా పడ్డ చోట నువ్వూ పడకూడదని రాస్తున్నాను.

ఇక్కడి బటర్‌మిల్క్‌ని మన మజ్జిగ అనుకోకు. అది పాలని తోడేసి పులియబెట్టింది, చిక్కగా ఉంటుంది. మొదటిసారి నేను ఇంట్లో చిలికిన మజ్జిగే పోశాను. పైన ఆకులన్నీ పొడిపొడిగా, గిన్నె అడుగున తెల్లటి నీళ్లు! మీ పెదనాన్న అన్నంలో కలుపుకుంటానన్నారు. బటర్‌మిల్క్ దొరక్కపోతే చిక్కటి పెరుగు గిలక్కొట్టి కాస్త నిమ్మరసం పిండు.

అర కప్పు మయోనీస్, అర కప్పు సోర్ క్రీమ్ (పులిసిన మీగడ) తీసుకో. సలాడ్ మీదకైతే అర కప్పు దాకా బటర్‌మిల్క్ పోసుకో, డిప్‌కి రెండు మూడు చెంచాలు చాలు. క్యారెట్ ముంచి పైకెత్తితే చుక్క కారకూడదు. వెల్లుల్లి ఒక్క చిన్న రెబ్బే. మన చెయ్యి ఆగదని తెలుసు, అయినా ఆపు. ఉప్పేసి మెత్తగా నూరు. ఉల్లిపొడి, మిరియాలపొడి, పార్స్లీ ఆకు, చైవ్స్ (సన్నటి ఉల్లికాడల్లాంటివి) సరే, ర్యాంచ్‌కి ఆ వాసన తెచ్చేది మాత్రం డిల్, అదే మన సోయకూర. దాని బదులు కొత్తిమీర వేస్తే పెరుగుపచ్చడి అవుతుంది.

కలిపిన వెంటనే రుచి చూసి ఉప్పు పెంచకు. ఎండు ఆకులు వాడితే నానాలి, రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి అప్పుడు చూడు.

టైమ్ లేకపోతే పొడి పాకెట్ తెచ్చుకో, నామోషీ ఏమీ లేదు. దీన్ని కనిపెట్టిన స్టీవ్ హెన్సన్ అలాస్కాలో ప్లంబర్‌గా చేస్తూ పనివాళ్లకి వండిపెట్టినవాడు. 1954లో కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర ఒక ర్యాంచ్, అంటే పశువుల క్షేత్రం, కొని హిడెన్ వ్యాలీ అని పేరు పెట్టాడు. తర్వాత పోస్టులో అమ్మింది పొడి పొట్లాలే. 1972లో ఆ వ్యాపారాన్ని కొన్నది ఎవరనుకున్నావ్? బట్టల బ్లీచ్ చేసే క్లోరాక్స్!

మామూలు మయోనీస్‌లో గుడ్డు ఉంటుంది. మీ టీమ్‌లో గుడ్డు తిననివాళ్లుంటే ఎగ్‌లెస్ వాడి, డబ్బా మీద రాసిపెట్టు. బయట రెండు గంటలు దాటనివ్వకు. ఇంట్లో మిగిల్చిన దాన్ని నాలుగు రోజుల్లో కానివ్వండి. టెక్సస్‌లో పిజ్జా అంచులు ఇందులోనే ముంచుకుంటారు, అల్లుడికి చెప్పు.

మీ పెద్దమ్మ