ప్రయాణ ప్రశ్నలు: కొండదారి, నదీతీరం

ప్రశ్న: మేము ఆరుగురు స్నేహితులం రెండు కార్లలో అడవులు, కొండలు, నదుల మీదుగా మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాము. రోజుకు 300 కిలోమీటర్ల చొప్పున లెక్క వేసుకున్నాము. ఇది కుదురుతుందా? ఇదివరకు ఒకసారి ఘాట్ రోడ్డు దిగుతుండగా చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. అందుకు కారణమేమిటి?

జవాబు: మలుపులతో నిండిన కొండదారిలో గంటకు 30 కిలోమీటర్లు సాగితే చాలుననుకుని లెక్క వేసుకోవడం మంచిది. ఆ లెక్కన మీరు రోజుకు పది గంటలు స్టీరింగు వదలకుండా కూర్చోవాలి. ఏ నది ఒడ్డునైనా కాసేపు ఆగుదామంటే అందుకు వేళే మిగలదు. దూరాన్ని సగానికి తగ్గించుకోండి. చూడటానికి బయలుదేరినవారు చూడకుండా తిరిగి రావడం ఏమంత తెలివైన పని కాదు.

ఇక కాలిన వాసన సంగతి. 1,500 కిలోల బరువున్న కారు 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందంటే, ఆ దిగుడులో వెలువడే శక్తి 20 లీటర్లకు పైగా మామూలు నీటిని మరిగించడానికి సరిపోతుంది. అందులో కొంత భాగాన్ని గాలి, టైర్ల రాపిడి తీసుకున్నా, మిగిలినదాన్ని ఇంజనైనా భరించాలి, బ్రేకులైనా భరించాలి. పై గేరులో దిగుతూ బ్రేకు మీద కాలు తీయకుండా ఉంటే ఆ వేడి అంతా బ్రేకు ప్యాడ్ల మీదే పడుతుంది. అవి మితిమీరి వేడెక్కినకొద్దీ వాటి పట్టు తగ్గుతుంది. మీకు వచ్చిన వాసన చాలావరకు ఆ ప్యాడ్లదే అయి ఉంటుంది.

అంతకన్నా ప్రమాదకరమైనది, పెడలు నొక్కిన బలాన్ని చక్రాల దగ్గరి బ్రేకులకు చేర్చే బ్రేక్ ఆయిల్ మరగడం. ఈ ద్రవం కాలక్రమేణా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు దాని మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పట్టినదానికైతే 140 డిగ్రీలున్నా చాలు. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకుపోదు గాని ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి, పెడలు మెత్తగా కిందికి దిగిపోతుందే తప్ప బండి ఆగదు. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటి ఉంటే బయలుదేరేముందే మార్పించండి.

దిగేటప్పుడు పాటించవలసిన పాత సూత్రం ఒకటుంది: ఆ కొండ ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. దిగుడు మొదలు కాకముందే ఆ గేరులోకి రావాలి. ఆటోమేటిక్ బండ్లలో మాన్యువల్ మోడ్‌నో, ‘ఎల్’ (తక్కువ గేరు) స్థానాన్నో వాడుకోవచ్చు. బ్రేకును అదే పనిగా తొక్కి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్‌లోకి మార్చడం గాని, ఇంజను ఆపడం గాని ఎంతమాత్రం చేయకూడదు. ఇంజను ఆగితే బ్రేకుకు అందే అదనపు బలం కాసేపటికే పోతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది. విద్యుత్ కార్లున్నవారు మరో విషయం గమనించాలి: కొండ మీద బ్యాటరీని పూర్తిగా నింపి బయలుదేరితే, దిగుడులో పుట్టే విద్యుత్తును దాచుకునే చోటు దానిలో ఉండదు, అందువల్ల మోటారు ద్వారా వచ్చే నిరోధం తగ్గుతుంది.

మళ్లీ వాసన వస్తే వెడల్పైన చోట ఆగి బ్రేకులను వాటంతట అవే చల్లారనివ్వండి. నీళ్లు పోయవద్దు, వేడి డిస్కులు పగిలే అవకాశం ఉంది. బండి జారకుండా చక్రాల కింద పెట్టిన రాళ్లను వెళ్లేటప్పుడు తీసి పక్కన పడేయడం మరువకండి; ఈ చిన్న పని చేయనివారి వల్ల వెనుక వచ్చేవారికి కలిగే కష్టం ఇంతా అంతా కాదు.

ప్రశ్న: దారిలో చప్టా మీదుగా వాగు పారుతుంటే ఎంత లోతు వరకు దాటవచ్చు? నదిలో స్నానానికి దిగవచ్చా?

జవాబు: పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడేయగలదు, 30 సెంటీమీటర్లకు చిన్న కార్లు తేలడం మొదలవుతుంది, 60 సెంటీమీటర్ల ప్రవాహం చాలా వాహనాలను లాక్కుపోతుంది. కారణం తేలికైనదే. నాలుగు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉన్న కారు అడుగుభాగానికి పైన మరో 15 సెంటీమీటర్ల నీరు చేరితే, ఆ నీరు దాదాపు ఒక టన్ను బరువును పైకి నెడుతుంది. టైర్లకు నేల మీద పట్టు పోయాక ఎంత నేర్పున్నా పనికిరాదు. పైగా బురదనీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కంటికి కనిపించదు. పారుతున్న నీటి లోతు, అడుగు తెలియనప్పుడు వెనుదిరగండి లేదా ఒడ్డునే వేచి ఉండండి.

స్నానం విషయంలో మీ తలపైన ఆకాశం నిర్మలంగా ఉందని నమ్మవద్దు. ఎగువ కొండల్లో కురిసిన వాన కొంతసేపటికి కిందికి చేరుతుంది. తేట నీరు ఉన్నట్టుండి బురదగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తున్నా, ఎగువ నుంచి హోరు వినిపించినా సామాన్లు వదిలేసి వెంటనే ఎత్తైన చోటికి వెళ్లండి. ఎగువన ఆనకట్ట ఉన్న నదుల్లో వాన లేకుండానే నీరు పెరగవచ్చు. జలపాతం పడే చోట నీరు సుడి తిరుగుతుంది కనుక ఈత వచ్చినవారు సైతం అక్కడ దిగకపోవడమే మేలు.

ప్రశ్న: మలుపుల్లో మా స్నేహితురాలికి వాంతులవుతాయి, బండి నడిపేవారికి మాత్రం ఏమీ కాదు. ఎందుకు?

జవాబు: లోపలి చెవి కదలికను గుర్తిస్తుంటే, ఫోను మీదో సీటు మీదో నిలిచిన కన్ను కదలిక లేదంటుంది. ఈ పొంతన కుదరకపోవడమే వికారానికి మూలం. నడిపేవారికి ప్రతి మలుపూ ముందే తెలుస్తుంది కాబట్టి ఆ బాధ అరుదు. ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టి దూరంగా దారి వైపు చూడమనండి. వాంతులు ఆపే మాత్రల్లో చాలావాటికి నిద్ర వస్తుంది, అందువల్ల అవి వేసుకున్నవారు ఆ రోజు బండి నడపకూడదు.

ప్రశ్న: అడవిలో ఫోను సిగ్నల్ లేకపోతే రెండు కార్లూ కలిసి వెళ్లడం ఎలా?

జవాబు: ముందు కారును అందుకోవాలని వెనుక కారు వేగం పెంచవలసిన అవసరమే రాకూడదు. దారి చీలిన ప్రతిచోటా వెనుక కారు కనిపించేదాకా ముందు కారు ఆగాలని ఒప్పందం చేసుకోండి. పటాలను ముందుగానే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా ఫోను మీరున్న చోటు చూపగలదు. చీకటి పడకముందే అడవి దాటేలా బయలుదేరండి. దారికి అడ్డంగా ఒక జింక పరుగెత్తితే వెనుక మరికొన్ని ఉండవచ్చని ఆగండి. మంచు కమ్మితే లో బీమ్ వాడండి, ఎందుకంటే హై బీమ్ వెలుగు మంచు మీద పడి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది.