ఎనిమిదో నంబరు సూదులు

నెల్లూరు,
కార్తీక బహుళ పంచమి.

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ అనేక ఆశీస్సులతో వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

నిన్న సాయంత్రం మీ అమ్మ కావలి నుంచి ఫోను చేసింది. దీపావళికి వచ్చినప్పుడు నువ్వు అటక మీది ట్రంకు పెట్టె దింపించావనీ, అందులోని పాత అల్లిక కాగితాల కట్టను బెంగుళూరు తీసుకుపోయావనీ, వాటిలో ఉన్న బుట్ట చేతుల పొట్టి స్వెట్టరును అల్లి, సంక్రాంతికి మీ అమ్మమ్మ వెంకటగిరి చీర మీదికి జాకెట్టుగా వేసుకొని వస్తానన్నావనీ చెప్పింది. "దీనికి పాతకాలపు పిచ్చి పట్టుకుందక్కా" అని తాను నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లుగా ఎవరికీ అక్కర లేకుండా పడి ఉన్న ఆ కాగితాలు మన ఇంటి పిల్లకే పనికి వచ్చాయని తెలిసి కడుపు నిండినట్టయింది. అంతలోనే, ఊలు కొనడం దండగని, పెట్టె అడుగున ఉన్న బూడిదరంగు హాఫ్ స్వెట్టరును కూడా పట్టుకుపోయావనీ, దానిని విప్పి ఆ ఊలుతోనే అల్లుతావనీ మాట వరసకు అన్నది. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. దాని సంగతి తరువాత వ్రాస్తాను. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా దాని మీద కత్తెర గాని సూది గాని పెట్టవద్దు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావని తెలిసే ఇంత వ్రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. ఆ కాగితాలు మడతల దగ్గర పెళుసెక్కి ఉన్నాయి కాబట్టి జిరాక్సు తీయించి, అల్లేటప్పుడు జిరాక్సునే ముందు పెట్టుకో. కావలసిన ఊలంతా ఒక్కసారే, ఒకే లాటు నంబరు చూసి కొను. ఎందుకంటే కొట్టులో ఒకటే రంగుగా కనిపించిన రెండు లాట్లు ఒంటి మీదికి వచ్చాక ఎండలో వేరువేరుగా కనిపిస్తాయి. రాత్రిపూట దీపం కింద నల్ల ఊలు అల్లకు. నా కళ్లు ఎలా పాడయ్యాయో నీకు తెలియనిది కాదు. ఇక ఈ స్వెట్టరును మన నెల్లూరు ఎండలకు వేసుకోవాలని మాత్రం అనుకోవద్దు. పుష్యమాసపు తెల్లవారుజాము తప్ప ఇక్కడ ఊలును ఒంటి మీద ఓర్చుకొనే వేళ లేదు. ఊలుకు బదులు నూలు దారంతో అల్లుతానంటావేమో, నూలుకు ఊలు మాదిరి సాగి మళ్లీ ముడుచుకొనే గుణం లేదు కాబట్టి నాలుగు ఉతుకులకే నడుము దగ్గరి బోర్డరు వదులైపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ కట్టలో రెండు దేశాల కాగితాలు కలిసి ఉన్నాయి. బిట్రగుంట రైల్వే కాలనీలో మా క్వార్టర్సుకు నాలుగిళ్ల అవతల ఉండిన ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఊరు విడిచి వెళ్లేటప్పుడు మీ అమ్మమ్మకు ఇచ్చినవి ఇంగ్లీషువారివి. మిగిలినవి అమెరికావారివి. 1840లో శామ్యూల్ డే దొర వచ్చిన నాటి నుంచి నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను ఉన్నది కదా. మీ అమ్మ పుట్టినప్పుడు అమ్మ మిషను ఆసుపత్రిలో మూడు వారాలు ఉండవలసి వచ్చింది. తోడుగా ఉన్న నాకు అప్పటికి పదిహేడేళ్లు. ఊరికే కూర్చొని ఏడుస్తున్నానని ఒక అమెరికా నర్సమ్మ తన దగ్గరి పాత కాగితాలు నాలుగు నా చేతిలో పెట్టింది. అంగుళానికి ఎన్ని కుట్లు రావాలో చెప్పేటప్పుడు ఇంగ్లీషు కాగితంలో "టెన్షన్" అని ఉన్న చోట అమెరికా కాగితంలో "గేజ్" అని ఉంటుంది. చివర కుట్లు మూసేటప్పుడు ఒకరు "కాస్ట్ ఆఫ్" అంటే ఇంకొకరు "బైండ్ ఆఫ్" అంటారు. నీ చేతిలో ఉన్నది ఏ దేశపుదో ముందు ఆ మాటలను బట్టి తేల్చుకో. తేల్చుకోకుండా సూది పట్టినందువల్ల నాకు ఏమైందో చెబుతాను, విను.

1974 చలికాలంలో మేము జబల్పూరులో ఉన్నాము. మీ పెదనాన్న గన్ క్యారేజ్ ఫ్యాక్టరీకి వెళ్లగానే క్వార్టర్ల ముందు ఎండలో నులక మంచాలు వేసుకొని ఆడవాళ్లమంతా అల్లికలకు కూర్చొనేవాళ్లము. నాకు అల్లిక నేర్పింది పక్కింటి పంజాబీ ఆవిడ. అందుకే ఈనాటికీ నాకు కుట్టు "ఫందా"యే, ఎదురు వరుస "ఉల్టా"యే, వాటికి తెలుగు మాటలు నా నోట రావు. ఆవిడ కాగితం ముఖం ఎరుగదు. ఎవరికి అల్లుతున్నామో అడిగి, మనిషిని ఒకసారి కంటితో చూసి, ఇన్ని కుట్లు వేసుకో అని చెప్పేది. అది ఎన్నడూ తప్పిపోయేది కాదు. నేను ఎస్సెల్సీ పాసైనదాన్ని. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. కాగితం చూసి అల్లితే ఆవిడకంటే గొప్ప పని చేయగలనని నాకొక గర్వం.

ఆ రోజుల్లో మీ తాతయ్య బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరు. రాత్రి డ్యూటీలో ఇంజను పొయ్యి దగ్గర చెమటలు కారేటట్టు పని చేసి, తెల్లవారుజామున మంచులో సైకిలు మీద ఇంటికి వచ్చేవాడు. ఆ వేడికీ ఈ చలికీ ఆయనకు దగ్గు పట్టుకుందని అమ్మ ఉత్తరం వ్రాసింది. వెంటనే అమెరికా కాగితాలలోని మగవారి హాఫ్ స్వెట్టరు తీశాను. అందులో నాలుగు పోగుల ఊలు, ఎనిమిదో నంబరు సూదులు, అంగుళానికి ఐదు కుట్లు అని ఉంది. బజారుకు పోయి నాలుగు పోగుల బూడిదరంగు ఊలూ, ఎనిమిదో నంబరు సూదులూ కొన్నాను. ముందు నమూనాకు చిన్న ముక్క అల్లి టేపుతో కొలుచుకోమని పంజాబీ ఆవిడ రెండు సార్లు చెప్పింది. కాగితంలో అన్నీ ఉన్నాయని నేను వినలేదు.

అమెరికాలో ఎనిమిదో నంబరు సూది 5 మిల్లీమీటర్ల లావు. మన దేశంలో అమ్మేవి ఇంగ్లీషు నంబర్లు. ఆ లెక్కలో ఎనిమిది అంటే 4 మిల్లీమీటర్లే. పైగా ఇంగ్లీషు లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో నంబరు పెరిగేకొద్దీ లావెక్కుతుంది. ఇంగ్లీషు పది 3.25 మిల్లీమీటర్లయితే అమెరికా పది 6 మిల్లీమీటర్లు. ఊలు సంగతీ అంతే. అమెరికావారు ఆ రోజుల్లో నాలుగు పోగులని వ్రాసింది లావుపాటి ఊలు, ఇంగ్లీషువారి నాలుగు పోగులు అంతకంటే బాగా సన్నం. ఈ రెండు తేడాలూ కలిసి నాకు అంగుళానికి ఐదు కుట్లకు బదులు ఆరు కుట్లు వచ్చాయి. ఒక్క కుట్టే కదా అనిపిస్తుంది. వెనుక భాగానికి నూరు, ముందు భాగానికి నూరు కుట్లు వేసుకోమని కాగితంలో ఉంది. ఐదు లెక్కన అవి 40 అంగుళాల ఛాతీకి సరిపోతాయి. ఆరు లెక్కన 33 అంగుళాల మీద ఒక్క పిసరు. పొడుగుకు వరుసలు లెక్కపెట్టమనకుండా ఇన్ని అంగుళాలు అల్లమని ఉండడం వల్ల అది మాత్రం టేపు పెట్టి కొలిచాను కాబట్టి సరిగ్గా వచ్చింది. అంటే మీ తాతయ్య అంత పొడుగూ, పన్నెండేళ్ల పిల్లవాడంత వెడల్పూ ఉన్న స్వెట్టరు తయారైంది.

నాకు కనబడలేదని అబద్ధం చెప్పను. వెనుక భాగం జానెడు అల్లేసరికే సన్నగా ఉన్నదని తెలిసింది. విప్పితే పక్కింటావిడ మాట నెగ్గుతుందని, ఊలు సాగుతుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకొన్నాను. పూర్తి చేసి, తడిపి, నలుగురి చేతా లాగించి, ఆరబెట్టి, పార్సెలు చేసి పంపించాను. పది రోజులకు అమ్మ దగ్గర నుంచి జవాబు వచ్చింది. "స్వెట్టరు అందినది. నాన్నకు చాలా బాగున్నది. రోజూ వేసుకొంటున్నాడు" అని ఉంది. ఆ కార్డును పక్కింటావిడకు చదివి వినిపించి మరీ గొప్పలు పోయాను.

ఎండాకాలం సెలవులకు బిట్రగుంట వచ్చినప్పుడు దండెం మీద దానిని చూశాను. చంకల కింద నుంచి నడుము దాకా అటూ ఇటూ నాలుగేసి వేళ్ల వెడల్పున ఖాకీ గుడ్డ పట్టీలు వేసి ఉన్నాయి. నాన్న పాత యూనిఫారం చొక్కాది ఆ గుడ్డ. అమ్మకు కుట్టు వచ్చు గాని అల్లిక రాదు. నేను పక్కల వేసిన కుట్టు విప్పి పట్టీ వేయవచ్చునని తెలియక, గుడ్డ అనుకొని నిలువునా కత్తెర పెట్టిందట. పెట్టగానే పోగులు ఊడి చేతికి రావడం మొదలుపెడితే గాబరాపడి, రాత్రంతా లాంతరు ముందు కూర్చొని ప్రతి పోగునూ కాజా కుట్టుతో పట్టుకొంటూ వచ్చిందట. నేను అడిగితేనే గాని ఈ మాట చెప్పలేదు. నాన్న అసలే చెప్పలేదు. "ఈ పట్టీల వల్ల చేతులు బాగా ఆడుతున్నాయమ్మాయ్, స్పానరు తిప్పడానికి సులువుగా ఉంది" అన్నాడు. రిటైరయ్యేదాకా ప్రతి చలికాలమూ దానినే వేసుకొన్నాడు.

బుజ్జమ్మా, నువ్వు విప్పాలనుకొన్నది ఆ స్వెట్టరునే. పక్కల ఖాకీ గుడ్డ చూసి ఎవరిదో పనికిరాని పాతదనుకొని ఉంటావు. నిన్ను తప్పుపట్టలేను. పాతది విప్పి కొత్తది అల్లుకోవడం నువ్వు ముచ్చటపడుతున్న ఆ కాలపు అలవాటే. 1941 జూన్‌లో బ్రిటన్‌లో బట్టలకు రేషను పెట్టి 1949 మార్చి దాకా తీయలేదు. ఊలుకు కూడా కూపన్లు ఇచ్చుకోవలసి వచ్చిన ఆ ఎనిమిదేళ్లలో అక్కడి ఆడవాళ్లు చిరిగిన స్వెట్టర్లు విప్పి, ఆ ఊలును లచ్చి చుట్టి, తడిపి, మెలికలు పోవడానికి బరువు కట్టి వేలాడదీసి, మళ్లీ అల్లుకొనేవాళ్లు. నీ బుట్ట చేతుల స్వెట్టరు నడుము దగ్గరే ఆగిపోవడానికీ, చేతులు మోచేతి పైనే ఉండడానికీ సోకుతో పాటు ఆ పొదుపు కూడా ఒక కారణం. అయితే దీనిని విప్పినా నీకు పనికివచ్చే ఊలు రాదు. అమ్మ కత్తెర ప్రతి వరుసనూ రెండు కొసల దగ్గరా తెంపింది. గజంన్నర ముక్కలు వందల కొద్దీ వస్తాయి, అంతే. దానిని మళ్లీ మడిచి, వేపాకు వేసి, పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టు. కలరా ఉండలు వేయకు. ఆ వాసనకు నాన్న వాసన పోతుంది. ఇన్నేళ్లకు ఇంకా ఏం వాసన మిగిలి ఉంటుందని నవ్వుతావు, నవ్వుకో.

ఇక నీ స్వెట్టరు. మీ అమ్మ చెప్పిన బొమ్మను బట్టి అది ఇంగ్లీషువారి కాగితమే అయి ఉండాలి. అయితే మనకు దొరికే సూదుల నంబర్లు దానికి సరిపోతాయి. ఆ కాలపు కాగితాలలో ఇప్పటి మాదిరి చిన్నా పెద్దా కొలతలు అన్నీ ఉండవు, చాలావాటిలో ఒక్కటే ఉంటుంది, అదీ ఎక్కువగా 34 ఛాతీ. అంగుళానికి ఏడు కుట్లు రావలసిన చోట నీకు ఆరున్నర వస్తే ఆ 34 కాస్తా 36న్నర దాటుతుంది. వీపు వైపు నీ కొలతకు అరంగుళం, అంగుళం తేడా ఉంటే కుట్లు మార్చే బదులు సూదిని ఒక నంబరు మార్చి చూడు. చీర మీదికి జాకెట్టుగా వేసుకోవాలంటే నడుము దాకా ఉండకూడదు. కుచ్చెళ్ల దగ్గర ఊలు ఉబ్బెత్తుగా నిలబడుతుంది. చంక దాకా అల్లే పొడుగులో నాలుగంగుళాలు తగ్గించి, నడుము నుంచి ఛాతీకి పెంచవలసిన కుట్లను మిగిలిన వరుసలలోనే దగ్గర దగ్గరగా సర్దుకోవాలి. బుట్ట చేతులు భుజం దగ్గర ఎంత కుచ్చు పట్టాలో కాగితం చెప్పినట్టే చేయి. నీ తెలివి అక్కడ చూపించకు.

అమ్మ చీర గురించి కూడా ఒక మాట. వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయిందంటున్నారు గాని నాకు మాత్రం అది నెల్లూరి వెంకటగిరే. ఆ సన్న నూలు చీర బరువే తెలియదు. దాని జరీ అంచు మాత్రం ఊలు కుట్లలో తగులుకొంటే రెండూ పాడవుతాయి. పైట పిన్నును అల్లిక మీద గుచ్చితే రంధ్రం పడి పెద్దదవుతుంది. భుజం లోపలి వైపున రెండు వేళ్ల వెడల్పు రిబ్బను ముక్క కుట్టి, పిన్ను దానిలోకి దిగేటట్టు పెట్టుకో. ఆ చీర, ఆ బుట్ట చేతులు చూసి ఆఫీసులో ఎవరైనా నవ్వితే నవ్వనీ. మా కాలంలో బుట్ట చేతుల జాకెట్టు లేకుండా ఫోటో స్టూడియో గడప తొక్కినవాళ్లము కాము.

సంక్రాంతికి పూర్తి కావాలని తొందరపడకు. కాకపోతే ఉగాదికి వేసుకో, ఉగాదికి ఎండలు ముదిరితే వచ్చే సంక్రాంతికి వేసుకో. కుట్లు వేసుకొనే ముందు నువ్వు కొన్న ఊలుతో, నువ్వు కొన్న సూదులతో ఐదంగుళాల చదరపు ముక్క ఒకటి అల్లి, తడిపి, ఆరబెట్టి, కవరులో పెట్టి నాకు పంపించు. అంగుళానికి ఎన్ని వచ్చాయో నువ్వు లెక్కపెట్టి వ్రాయనక్కర లేదు. టేపు నా దగ్గర ఉంది, నేనే కొలుస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ