హాంకాంగ్ చారులో వేసేది ఖర్జూరం కాదు

ప్రశ్న: హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, పక్కింటి పెద్దావిడ మూడు గంటలు కాచానంటూ ఒక గిన్నెడు చారు ఇచ్చారు. అందులో ఎముకలు, తామర దుంప చక్రాలు, వేరుశనగ గింజలు, ఖర్జూరం వంటి పండ్లు ఉన్నాయి. తిరిగి వచ్చాక మామూలు ఖర్జూరాలు వేసి కాస్తే పాయసంలా తయారైంది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పొరపాటు ఖర్జూరం దగ్గరే జరిగింది. మీరు చూసిన ఎర్రని పండు మన రేగుకు దగ్గరి బంధువైన మరో రేగు జాతిది. దాన్ని ఎండబెట్టి వాడతారు. దాని గింజ 'వేడి చేస్తుంది' అని అక్కడివారి నమ్మకం కనుక చాలామంది గింజ తీసివేసి వేస్తారు. ఈ మాట మనకు వేరే వివరించనక్కరలేదు. అదే జాతి పండును గాట్లు పెట్టి, చక్కెర పాకంలో ఉడికించి ఎండబెట్టినది ఇంకొకటి ఉంటుంది. అది కుండకు ఒకటి రెండు చాలు.

దక్షిణ చైనాలో హాంకాంగ్‌ను ఆనుకుని ఉన్న కాంటన్ ప్రాంతంవారు ఈ చారును 'లౌ ఫొ తొంగ్' అంటారు. మాటకు మాటగా చెప్పాలంటే 'ముసలి మంట చారు'. ముందుగా పంది ఎముకలను చన్నీళ్ళలో వేసి, ఒక పొంగు రానిచ్చి, తెట్టుతో సహా ఆ నీటిని పారబోసి ఎముకలను కడుగుతారు. తరువాత మట్టికుండలో వాటిని, తక్కిన దినుసులను వేసి, నడుమ మళ్ళీ చన్నీళ్ళు పోయనక్కరలేకుండా మొదటే సరిపడా నీరు పోసి, పెద్ద మంటమీద మరిగించి, ఆపైన రెండు మూడు గంటలు సన్నని సెగమీద ఉంచుతారు. ఉప్పు దించే ముందే వేస్తారు. తిరగమోత లేని చారు మనకు బోసిగా తోచవచ్చు గాని, ఎముకలలోని జిగురు మెల్లగా నీటిలోకి దిగడమే దీని రుచి. కుక్కరులో పని త్వరగా తెములుతుంది. అయితే నీరు ఇగరదు కనుక ఆ చిక్కదనం రాదు.

దినుసులలో చాలావరకు మనం ఎరిగినవే. మనం వడియాలు పెట్టే బూడిద గుమ్మడిని వారు వేసవిలో తొక్కతో సహా ఉడికిస్తారు. బీహారులో పేలాలుగా వేయించి మఖానా అని అమ్మే గింజను వారు వేయించకుండానే కుండలో వేస్తారు. మనకు దొరకనిది షిన్‌హుయ్ ప్రాంతపు కమలా తొక్క. కనీసం 3 ఏళ్ళు నిలవ చేసిన ఆ తొక్కను నానబెట్టి, లోపలి తెల్లపొరను గీకి, చిన్న ముక్క వేస్తే ఎముకల నీచు వాసన తగ్గుతుంది. తాజా తొక్క వేయకండి, చారు చేదెక్కుతుంది.

ప్రశ్న: నాకు గౌట్ ఉంది. ఎముకల చారు తాగితే కీళ్ళకు బలమని బంధువులు పట్టుబడుతున్నారు. తాగవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తాగకపోవడమే మేలు. మాంసంలోని ప్యూరిన్లు అనే పదార్థాలు గంటల తరబడి కాచినకొద్దీ నీటిలోకి దిగుతాయి, అవి శరీరంలో యూరిక్ ఆమ్లంగా మారతాయి. ఆ ఆమ్లం కీళ్ళలో పేరుకుని నొప్పి, వాపు తెచ్చే జబ్బే గౌట్. మాంసకృత్తులు మాత్రం చాలావరకు మాంసంలోనే మిగిలిపోతాయి. సారమంతా చారులోకి దిగిందని అడుగున ఉన్న ముక్కలను పారేసేవారు కాంటన్‌లోనూ ఉన్నారు. ఆరోగ్యవంతులు ఆ ముక్కలను సోయా సాస్‌లో అద్దుకుని తినడం మంచిది.